డాక్టర్ లూసీ విల్స్

బొంబాయిలో బీద గర్భిణీ స్త్రీలు రక్తం తగ్గిపోయి చనిపోతుంటే, కారణం వెతకడానికి 1928లో ఇంగ్లండు నుంచి డాక్టర్ లూసీ విల్స్ వచ్చారు. 1888లో పుట్టిన ఆమెకు అప్పటికి నలభై ఏళ్లు. జబ్బు మన బీద ముస్లిం స్త్రీలకే ఎక్కువని, వాళ్ల తిండే మరీ నాసిగా ఉన్నదని ఆమె కనిపెట్టారు. అందరూ తిన్నాక మిగిలింది ఆడవాళ్లు తినే రివాజు మేము ఎరగనిదా? అలాంటి తిండి పెట్టిన కోతికీ రక్తం తగ్గింది. మార్మైట్ అనే చవకైన ఈస్టు సారం ఇస్తే తేరుకున్నది. ఆడవాళ్లకూ అదే పనిచేసింది. 1931లో ఆ సంగతి ప్రకటించారు. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తేలింది. 1941లో దాన్ని పాలకూర నుంచి వేరుచేశారు. విల్స్ 1964లో కన్నుమూశారు. సర్కారు దవాఖానాలో గర్భిణీలకిచ్చే ఐరన్ మాత్రలో ఆ ఆమ్లమే కలిసి ఉంటుంది. మన ఇళ్లలో ఆ మాత్రలు దిండు కిందే ఉండిపోవడం మేము చూస్తూనే ఉన్నాము.