కడలి దాటిన డోలు: బాబాతుండే ఒలాతుంజీ

పొట్టకూటికోసమో, చదువుకోసమో పుట్టిన ఊరు విడిచిన మనిషి తన వెంట ఏమి తీసుకొని పోతాడు? పెట్టెలో పట్టేవి కొన్నే. మాట, పాట, తాళం మాత్రం ఏ పెట్టే లేకుండానే వెంట వస్తాయి. తరతరాలుగా పరప్రాంతాలలో కాపురం ఉంటున్న మనకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. అయితే అలా వెంట వచ్చిన విద్యను మన పిల్లలకొరకే దాచుకోవాలా, ఇరుగుపొరుగు పిల్లలకు కూడ పంచాలా అన్న ప్రశ్న ప్రతి తరంలోను తలయెత్తుతుంది. ఆ ప్రశ్నకు తన జీవితమే జవాబుగా చెప్పిన ఒక ఆఫ్రికా వాద్యకారుని కథను ఈ ఉగాది సంచికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పశ్చిమాఫ్రికాలోని నైజీరియా దేశంలో, బడాగ్రి రేవుకు దగ్గరగా అజిడో అనే పల్లె ఉంది. అక్కడ 1927 ఏప్రిల్ 7వ తేదీన బాబాతుండే ఒలాతుంజీ జన్మించారు. తండ్రి చేపలు పట్టి జీవించేవాడు. ఊరి పెద్దరికం చేతికి అందబోతున్న తరుణంలో, బిడ్డ పుట్టుకకు రెండు నెలల ముందు ఆయన కాలం చేశారు. అందుచేత బిడ్డకు బాబాతుండే అని పేరు పెట్టారు. యొరూబా భాషలో ఆ మాటకు తండ్రి తిరిగి వచ్చాడని అర్థం. పోయిన తాత పేరు మనుమడికి పెట్టుకొని మురిసిపోయే మనకు ఆ ఇంటివారి ఆశ సులభంగా బోధపడుతుంది.

ఆ పల్లెలో డోలు లేని వేడుక లేదు. పెండ్లికి డోలు, పంటకు డోలు, చావుకు డోలు. యొరూబా భాషలో ఒకే మాటను స్వరం పెంచి పలికితే ఒక అర్థం, తగ్గించి పలికితే మరొక అర్థం వస్తుంది. బుడబుక్కలవాని చేతి వాద్యంవలె నడుము సన్నగా ఉండే ఒక డోలును వారు చంకన ఇరికించుకొని, దాని త్రాళ్ళను నొక్కుతూ, వదులుతూ పుల్లతో వాయిస్తారు. అప్పుడు స్వరం మాటవలెనే హెచ్చుతుంది, తగ్గుతుంది. వినేవారికి ఆ డోలు మాట్లాడుతున్నట్లే ఉంటుంది. ఆ విద్యను వంశపారంపర్యంగా కాపాడుకొనే కుటుంబాలు యొరూబాలలో ప్రత్యేకంగా ఉన్నాయి. ఒలాతుంజీ అట్టి ఇంట పుట్టినవారు కారు. వినికిడి పుణ్యాన నేర్చినవారు.

తండ్రి పెద్దరికం కుమారునికి రావాలని బంధువులు ఎదురుచూశారు. కాని పండ్రెండేండ్ల వయస్సులోనే ఆయనకు దానిమీద మనసు లేదని తేలిపోయింది. చదువు మీదనే మక్కువ. ఒకనాడు ఒక ఇంగ్లీషు పత్రికలో రోటరీ సంస్థవారి విద్యార్థి వేతనాన్ని గురించి చదివి దరఖాస్తు పెట్టారు. అది ఫలించి, 1950లో అమెరికాలోని అట్లాంటా నగరానికి చేరి మోర్‌హౌస్ కళాశాలలో ప్రవేశించారు. దౌత్యశాఖలో ఉద్యోగం చేయాలని అప్పటి ఆయన కోరిక.

అవి ఆ నగరంలో నల్లవారికి బస్సులలో వెనుక వరుసలే మిగిలే రోజులు. తోటి విద్యార్థులు నల్లవారే. వారి పూర్వులను ఆఫ్రికా తీరాలనుండే సంకెళ్ళు వేసి ఓడలెక్కించారు. ఒలాతుంజీ ఊరి ప్రక్కనున్న బడాగ్రి కూడ అలా బానిసలను తరలించిన రేవే. అయినను వారికి ఆఫ్రికాను గురించి తెలిసినదెల్ల సినిమాలలో చూపే అడవులు, సింహాలు మాత్రమే. ఇందులో వారి తప్పేమీ లేదు. 1739లో దక్షిణ కారొలీనాలో బానిసలు డోళ్ళు మ్రోగిస్తూ తిరుగుబాటు చేయగా, మరుసటి సంవత్సరమే అక్కడి ప్రభుత్వం వారు డోళ్ళు ఉంచుకోరాదని చట్టం చేసింది. డోలు పోయిన చోట దాని వెంటనున్న మాట, కథ, ఊరి పేరు కూడ క్రమంగా మరపున పడ్డాయి. ఒలాతుంజీ కళాశాల వేడుకలలో డోలు పట్టడం మొదలుపెట్టినది కాలక్షేపానికి కాదు. ఇది మీది కూడ అని వారికి చెప్పడానికే.

1954లో పట్టం పుచ్చుకొని ఆయన న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనాశాస్త్రం చదవబోయారు. ఖర్చులకోసం ఒక చిన్న వాద్యబృందం కూర్చుకున్నారు. ప్రక్క ఆదాయానికని పట్టిన పని చివరకు జీవితమే అయిపోయింది. దౌత్యాధికారి కాలేదు. 1950ల చివర న్యూయార్కులోని రేడియో సిటీ మ్యూజిక్ హాలులో పెద్ద వాద్యగోష్ఠితో కలసి డోలు వాయించారు. కొలంబియా కంపెనీకి చెందిన జాన్ హామండ్ ఆయనను గుర్తించగా, 1959లో రికార్డు చేసిన 'డ్రమ్స్ ఆఫ్ పాషన్' 1960లో వెలువడింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అందులో వాయించినవారు, పాడినవారు పలువురు అమెరికాలోను, కరీబియన్ దీవులలోను పుట్టినవారే. వారికి యొరూబా మాటలు ఒక్కొక్కటే నేర్పి పాడించారు. అందులోని ఒక పాటను 1969లో సాంటానా బృందం తన పద్ధతిలో వాయించి యువలోకానికి చేర్చింది. 2004లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం ఈ రికార్డును భద్రపరచదగిన జాతీయ ధ్వనిముద్రణలలో చేర్చింది.

పేరు వచ్చిన తరువాత సభలకే పరిమితమై ఉండవచ్చును. ఆయన బడుల వైపు నడిచారు. డోళ్ళు వెంటబెట్టుకొని పాఠశాలలు తిరిగి పిల్లలచేత వాయింపించారు. 1965లో బెట్టీ వార్నర్ డీట్జ్‌తో కలసి ఆఫ్రికా సంగీత వాద్యాలను గురించి విద్యార్థులకు పనికివచ్చే పుస్తకం వ్రాశారు. ఆ దశాబ్దంలోనే న్యూయార్కు నగరంలో నల్లవారు నివసించే హార్లెంలో ఆఫ్రికా సంస్కృతి కేంద్రాన్ని స్థాపించారు. అక్కడ పిల్లలకు డోలు, నాట్యం, పాట నేర్పేవారు. జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ దానికి ధనసహాయం చేశాడు. 1967 ఏప్రిల్ 23న ఆ కేంద్రంలోనే కచేరీ కూడ చేశాడు. మూడు నెలలైనా తిరగకముందే జూలై 17న ఆయన కన్నుమూశాడు. కేంద్రానికి డబ్బు కటకట మాత్రం తీరలేదు. అయినను ఒలాతుంజీ పాఠం మానలేదు.

ఆయన పాఠం చెప్పే తీరు మన మృదంగం గురువులకు పరిచితంగానే తోస్తుంది. మన పిల్లవాడు మృదంగం మీద చేయి వేయకముందు త, ధి, తొం, నం అని నోట పలుకుతాడు. ఒలాతుంజీ కూడ కొత్తవారికి ఆరు అక్షరాలే ఇచ్చారు: గున్, డున్, గో, డో, పా, టా. మొదటి జంట డోలు నడిమధ్యన అరచేతితో పుట్టే గంభీరనాదం. రెండవ జంట అంచున వ్రేళ్ళతో పలికే తేటనాదం. మూడవది చురుక్కుమనే చరుపు. ప్రతి జంటలోను మొదటి అక్షరం కుడిచేతిది, రెండవది ఎడమచేతిది. స్వరలిపి చదవడం రానివారు కూడ నోటితో పలికి, చేతితో వాయించగలిగారు. వందలమంది ఒకేసారి కూర్చున్నా పాఠం సాగేది. సంగీతం బోధించే ఉపాధ్యాయులు ఈ అక్షరాలను తమ తరగతులకు తీసుకొనిపోయారు.

విమర్శలు లేకపోలేదు. యొరూబాల డోళ్ళతో ఇతర జాతుల డోళ్ళను కూడ కలిపి వాయించడం కలగాపులగమనీ, సంప్రదాయం పలుచబడుతుందనీ అన్నవారున్నారు. ఆ మాటలో నిజం బొత్తిగా లేదనలేము. తరతరాల సాధనతో వచ్చే విద్య నాలుగు రోజుల శిబిరంలో రాదు. కాని డోలే చట్టవిరుద్ధమైన నేల మీద మొదటి అక్షరం దిద్దించేవారు ఎవరో ఒకరు కావాలి. ఒలాతుంజీ ఆ ఓనమాల పంతులు. ఆయన వద్ద మొదలుపెట్టిన వారిలో కొందరు ఆఫ్రికా దాకా వెళ్ళి లోతుగా అభ్యసించారు.

1991లో మిక్కీ హార్ట్ కూర్చిన 'ప్లానెట్ డ్రమ్' అనే రికార్డులో ఒలాతుంజీ డోలు ప్రక్కనే జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, ప్యూర్టోరికో నుండి జొవానీ హిదాల్గో కాంగాలు మ్రోగాయి. ఒకరి భాష ఒకరికి రాకున్నా లయ అందరికీ తెలిసినదే. ప్రపంచ సంగీతానికి గ్రామీ బహుమతిని తొలిసారిగా ఇచ్చిన 1992లో అది ఈ రికార్డుకే దక్కింది. 2001లో అమెరికాలోని తాళవాద్య కళాసంఘంవారు ఆయనను తమ గౌరవ పట్టికలో చేర్చుకున్నారు. చివరి సంవత్సరాలలో మధుమేహంతో బాధపడుతూ కూడ ఆయన బోధిస్తూనే ఉన్నారు. 2003 ఏప్రిల్ 6న, డెబ్బది ఆరు నిండడానికి ఒక్క రోజు ముందు, కాలిఫోర్నియాలో మరణించారు.

ఊరి పెద్ద కాకుండా వచ్చేసిన కుర్రవాడు సముద్రం అవతల వేలాది పిల్లలకు పెద్ద దిక్కయ్యాడు. తన విద్యను తనవారికే అని గిరి గీసుకొని ఉంటే అది ఆయనతోనే సమసిపోయేది. మన సంగతి మాత్రం వేరా? త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలను తమిళ, కన్నడ సోదరులు తమవిగా చేసుకోబట్టే అవి నేటికీ ఇంత వైభవంగా మ్రోగుతున్నాయి. మన పిల్లలు ఆ సోదరుల గురువులవద్ద మృదంగం నేర్చుకుంటున్నారు. ఈ కొత్త సంవత్సరంలో సంఘం పిల్లలకు తాళం నేర్పేటప్పుడు ప్రక్కింటి పిల్లలకు కూడ ఒక చాప పరుద్దాం. తండ్రి తిరిగి రావడమంటే బహుశా అదే.