పట్టా లేని ఆచార్యుడు – జార్జి బూల్

కంప్యూటర్ శాస్త్రంలో స్నాతకోత్తర విద్యను అభ్యసించగోరే విద్యార్థికి కొన్ని అర్హతలు ఉండాలి. తగిన పట్టా చేత ఉండాలి. ప్రవేశ పరీక్షలో నెగ్గాలి. గణితంలోను, తర్కంలోను పట్టు సాధించాలి. చదువు ముగిసేనాటికి తన పరిశ్రమకు తార్కాణంగా ప్రాజెక్టునో, సిద్ధాంత వ్యాసాన్నో సమర్పించాలి. మన దేశంలో ఎం.టెక్. ప్రవేశానికి నిర్వహించే గేట్ పరీక్షలో, కంప్యూటర్ విభాగపు పాఠ్య ప్రణాళికలో బూలియన్ బీజగణితం ఒక ముఖ్యాంశం. ఆ బీజగణితానికి మూలపురుషుడైన మహనీయుడు మాత్రం ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. ఆయనే జార్జి బూల్.

బూల్ 1815వ సంవత్సరం నవంబరు 2వ తేదీన ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ బూల్ చెప్పులు కుట్టి జీవించేవాడు. ఆయనకు వృత్తి కన్న గణితం మీద, దూరదర్శినుల నిర్మాణం మీద మక్కువ ఎక్కువ. కొడుకుకు తొలి గురువు ఆయనే. పట్టణంలోని ఒక పుస్తక విక్రేత వద్ద బూల్ లాటిన్ భాష నేర్చుకొన్నాడు. గ్రీకు భాషను స్వయంగా అభ్యసించాడు. పద్నాలుగేళ్ల వయస్సులో ఒక గ్రీకు పద్యాన్ని అనువదించగా, స్థానిక పత్రిక దానిని ప్రకటించింది. అంతటి చిన్నవాడు ఆ పని చేయగలడా అని ఒక ఉపాధ్యాయుడు శంకించాడట.

బూల్‌కు పదహారేళ్లు వచ్చేసరికి తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. తల్లిదండ్రులను, తోబుట్టువులను పోషించే భారం ఆ బాలుని భుజాలపై పడింది. అతడు డాన్‌కాస్టర్‌లోని ఒక పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. పందొమ్మిదో ఏట లింకన్‌లో సొంతంగా పాఠశాల తెరిచాడు. పగలు పాఠాలు చెప్పేవాడు. తీరిక దొరికినప్పుడల్లా గణిత గ్రంథాలు చదివేవాడు. లాక్రువా, లెగ్రాంజ్, లాప్లాస్ వంటి ఫ్రెంచి గణితజ్ఞుల గ్రంథాలను గురువు సాయం లేకుండానే పఠించాడు. దారి చూపేవారుంటే నెలలలో ముగిసే చదువుకు ఆయనకు ఏళ్లు పట్టింది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరాలన్న ఆలోచన ఆయనకు కలగకపోలేదు. కానీ చదువుకు వెళితే ఇల్లు గడిచే మార్గం లేదు. బూల్ ఆ కోరికను విడిచాడు కాని గణితాన్ని విడువలేదు. కేంబ్రిడ్జి గణిత పత్రిక సంపాదకుడైన డంకన్ గ్రెగరీ ఆయన ప్రతిభను గుర్తించి వ్యాసాలను ప్రచురించాడు. 1844లో బూల్ రచించిన పరిశోధన వ్యాసానికి రాయల్ సొసైటీ స్వర్ణపతకం లభించింది.

తాను పడిన శ్రమ ఇతరులకు తప్పాలని ఆయన ఆశించాడు. దుకాణాలలో పనిచేసే యువకులకు సాయంవేళ చదువుకొనే తీరిక ఉండాలని లింకన్‌లో సాగిన ఉద్యమంలో పాల్గొన్నాడు.

ఐర్లండులోని కార్క్ నగరంలో కొత్తగా నెలకొల్పిన క్వీన్స్ కళాశాలకు గణితాచార్యులు కావలసివచ్చారు. బూల్ దరఖాస్తు చేశాడు. తాను ఏ విశ్వవిద్యాలయానికీ చెందినవాడను కానని దాపరికం లేకుండా తెలియజేశాడు. డి మోర్గాన్, విలియం థామ్సన్ వంటి ప్రసిద్ధులు ఆయన యోగ్యతకు సాక్ష్యం పలికారు. 1849లో ఆ పదవి ఆయనను వరించింది. పట్టా లేని వ్యక్తి పట్టభద్రులను తీర్చిదిద్దే ఆచార్యుడైనాడు. తర్వాతి కాలంలో డబ్లిన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు ఆయనకు గౌరవ పట్టాలు ప్రదానం చేశాయి.

బూల్ తర్కశాస్త్ర గ్రంథాలలో మొదటిది 1847లోను, రెండవది 1854లోను వెలువడ్డాయి. మానవుని ఆలోచనలను బీజగణిత చిహ్నాలతో వ్యక్తం చేయవచ్చునన్నది ఆయన సిద్ధాంతం. ఒక పూలబుట్టలోనుంచి తెల్లని పూలను ఏరామనుకొందాం. ఏరిన పూలలోనుంచి మళ్లీ తెల్లనివాటిని ఏరితే వచ్చేవి ఆ పూలే. అంటే ఒక గుణాన్ని దానితోనే గుణించినా ఫలితం మారదు. సంఖ్యలలో ఈ నియమానికి లోబడేవి రెండే: 0, 1. ఏమీ లేకపోవడానికి 0ను, సమస్తానికి 1ని ఆయన గుర్తులుగా గ్రహించాడు.

1855లో బూల్ మేరీ ఎవరెస్ట్‌ను వివాహమాడాడు. ఆమె తండ్రికి సోదరుడైన జార్జి ఎవరెస్ట్ భారతదేశ సర్వేయర్ జనరల్‌గా పనిచేసినవాడు. అంతకు పూర్వం హైదరాబాదు కేంద్రంగా కృష్ణా గోదావరీ నదుల మధ్య ప్రాంతాన్ని కొలిచినవాడు. బూల్ దంపతులకు అయిదుగురు కుమార్తెలు కలిగారు.

1864 నవంబరులో ఒకనాడు కుండపోతగా వాన కురుస్తున్నది. పాఠం మానడానికి ఇష్టపడక బూల్ ఇంటినుంచి కళాశాలకు సుమారు మూడు మైళ్లు నడిచివెళ్లాడు. తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం వచ్చి, అది ఊపిరితిత్తులకు సోకింది. డిసెంబరు 8వ తేదీన, నలభై తొమ్మిదేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశాడు. కడగొట్టు బిడ్డకు అప్పటికి ఏడాదైనా నిండలేదు.

ఆయన బీజగణితం చాలాకాలం తార్కికుల చర్చలకే పరిమితమైంది. 1937లో క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్కేళ్ల అమెరికా విద్యార్థి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మాస్టర్స్ పట్టా కోసం ఒక సిద్ధాంత వ్యాసం రాశాడు. విద్యుత్ స్విచ్చికి మూసి ఉండటం, తెరచి ఉండటం అనే రెండే స్థితులు ఉంటాయి. ఆ రెండింటికీ బూల్ చెప్పిన 0, 1 లు సరిపోతాయని, స్విచ్చుల అమరికతో తర్కాన్ని నడిపించవచ్చునని షానన్ నిరూపించాడు. కంప్యూటర్ల నిర్మాణానికి అది పునాది అయింది. ఆ విధంగా పట్టా లేనివాని ఆలోచన ఒక పట్టా పరీక్ష ద్వారానే ప్రపంచానికి ఉపకరించింది.

పట్టా అనవసరమని బూల్ జీవితం చెప్పదు. అవకాశం ఉంటే ఆయనా కేంబ్రిడ్జికి వెళ్లేవాడే. గురువు, గ్రంథాలయం, తరగతి గది అందుబాటులో ఉన్న విద్యార్థులు అవి ఎంతటి భాగ్యమో ఆయన జీవితం చూసి గ్రహించాలి. అవి అందనివారు నిరాశ చెందరాదని గ్రహించాలి. పట్టాకు విలువ తెచ్చేది దాని వెనుక ఉన్న జ్ఞానమే. ఆ జ్ఞానాన్ని ఆయన దీక్షతో ఆర్జించి, ఔదార్యంతో పంచి, ధన్యుడైనాడు.