మెచ్నికాఫ్

ఇల్యా మెచ్నికాఫ్ 1845లో ఖార్కోవ్ సమీపంలోని పల్లెసీమలో జన్మించాడు. నాడది రష్యా సామ్రాజ్యం, నేడు ఉక్రెయిన్. నాలుగేండ్ల విశ్వవిద్యాలయ విద్యను రెండేండ్లలోనే ముగించిన మేధావి ఆయన. బుద్ధి ఎంత సూక్ష్మమో మనస్సు అంత సుకుమారం.

క్షయవ్యాధిగ్రస్తురాలైన లుద్మిలాను ఆయన 1869లో వివాహమాడాడు. నడిచే శక్తిలేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసుకొని వచ్చారు. 1873లో మదీరా దీవిలో ఆమె కన్నుమూసింది. దుఃఖం భరింపలేక మెచ్నికాఫ్ ప్రాణత్యాగానికి యత్నించాడు గాని బ్రతికి బయటపడ్డాడు. 1875లో ఓల్గాను పెండ్లాడాడు. 1880లో ఆమెకు టైఫాయిడ్ సోకడంతో విషాదం ఆయనను తిరిగి ఆవరించింది. ప్రయోగమనే నెపంతో ఒక జ్వరక్రిమిని తన రక్తంలోకి ఎక్కించుకొని మృత్యుముఖం చూసి వచ్చాడు. కోలుకొన్న పిదప ఆయనలో జీవితేచ్ఛ చిగురించింది.

1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఆయన జీవితం మలుపు తిరిగింది. నక్షత్రచేప పిల్లల శరీరం గాజువలె పారదర్శకం. ఇంటివారందరూ సర్కస్‌కు వెళ్లిన ఒకనాడు ఆయన గులాబీ ముళ్లు తెచ్చి వాటి దేహంలో గుచ్చాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారేసరికి చలనశీలమైన కణాలు ముల్లును ముట్టడించి ఉన్నాయి. గాయం చుట్టూ ఎర్రదనం, వాపు, వేడి కలిగే స్థితిని శోథ అంటారు. అది కేవలం రోగలక్షణం కాదనీ, శరీరం సాగించే రక్షణయుద్ధమనీ ఆయన గ్రహించాడు. ఈ భక్షకకణ సిద్ధాంతానికే 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

1888 నుండి పారిస్‌లోని పాశ్చర్ సంస్థ ఆయన కార్యక్షేత్రం. అక్కడ ఆయన దృష్టి పెద్దప్రేగులోని సూక్ష్మజీవులపైకి మళ్లింది. అవి పుట్టించే విషాలు రక్తంలో చేరి అకాలవార్ధక్యం తెస్తాయని తలచాడు. పులిసిన పాలలోని బాక్టీరియా వాటిని అణచగలదని నమ్మి నిత్యం ఆ పాలనే సేవించాడు. పెరుగన్నంతో భోజనం ముగించే తెలుగువారికి ఇందులో వింత తోచదు గాని, ఆనాటి పాశ్చాత్యులకు అది సంచలనమైంది. 1916లో హృద్రోగంతో మరణించిన ఆయన చితాభస్మాన్ని ఆ సంస్థ గ్రంథాలయంలోనే భద్రపరిచారు.

క్రిమివిషాల ఊహను కొందరు హద్దు మీరించారు. అమెరికాలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయంలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు, ఉన్మాదానికి మూలం దేహంలో దాగిన క్రిములేనని భావించి రోగుల పండ్లు పెరికించాడు, ప్రేగులు కోయించాడు. పలువురు మరణించారు. అది వైద్యం కాదు, మూర్ఖత్వం.

2004లో జపాను శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని ఎలుకలలో పరీక్షించారు. క్రిమిరహితంగా పెంచిన ఎలుకలు ఒత్తిడికి అధికంగా చలించాయి. ఒక మేలిజాతి ప్రేగు బాక్టీరియాను ఇవ్వగా ఆ తీవ్రత తగ్గింది. మానసికమైన కుంగుబాటు గల కొందరి రక్తంలో శోథచిహ్నాలు హెచ్చుగా ఉంటాయని వేరే పరిశోధనలు చూపాయి. అయితే మానవులలో వీటిలో ఏది కారణమో, ఏది ఫలితమో ఇంకా తేలవలసి ఉన్నది.