పావులూరి మల్లన – చతురంగసంఖ్య

తెలుగున శాస్త్రవిషయమును పద్యములందు నిలిపిన తొలివారిలో పావులూరి మల్లన అగ్రగణ్యుడు. ఇతడు కమ్మనాటి పావులూరునకు చెందినవాడు, శివ్వన పుత్రుడు, శైవుడు. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని (1022–1061) వలన పిఠాపుర ప్రాంతమందలి నవఖండవాడను అగ్రహారముగా బడసిన మల్లన ఇతడేయని కొందరు పండితులు తలచిరి. ప్రతిగ్రహీత అదే నామముగల పితామహుడనియు, గణితకర్త అతని మనుమడనియు తక్కినవారు నిర్ణయించిరి. మొదటి పక్షమున నితడు నన్నయకు సమకాలికుడు. రెండవ పక్షమున తరువాతి తరమువాడు.

రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, జైనుడగు మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మల్లన దానిని తెనిగించి సారసంగ్రహగణితము గావించెను. లోకమున నది పావులూరి గణితమని ప్రసిద్ధికెక్కెను. జినస్తుతులకు మారుగా శివస్తుతిని నిలిపెను. సూత్రముల సారమును విడువక, ఉదాహరణములను పెక్కింటిని తానే కల్పించెను. మూలమున 24 వరకు గల సంఖ్యాస్థానములను 36 వరకు పెంచెను.

మల్లన పేర ప్రసిద్ధమైన చంపకమాల యొకటి చతురంగఫలకమునకు సంబంధించినది. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులలో రెట్టింపుగా నుంచినచో మొత్త మెంతయగునని ప్రశ్న. సమాధానము 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరువది అంకెలను మల్లన భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని పై స్థానములకు, వరుసగా చెప్పెను. శరమనగా ఐదు, చంద్రుడనగా ఒకటి, ఆకాశమనగా సున్న.

ఈ సంఖ్యను సాధించుటకు 64 గడులను కూడ నక్కరలేదు. రెంటిని వర్గించిన నాలుగు, దానిని వర్గించిన 16, పిమ్మట 256, 65,536, 429,49,67,296. ఆరవమారు వర్గించి ఒకటి తీసివేసిన చాలును. ఈ వర్గక్రమమునకు మూలము పింగళుని ఛందశ్శాస్త్రమందలి వృత్తసంఖ్యాగణనమున నున్నది. ఛందస్సు నుండి పుట్టిన ఉపాయముచే లభించు సంఖ్య మరల ఛందస్సులోనే ఇమిడినది.

ఇందలి ప్రయోజనము పాఠరక్షణము. తాళపత్రమున ఒక అంకె జారినను లేఖకు డెరుగడు; పద్యమున ఒక పదము జారినచో గణభంగమగును. గణములు చెడకుండ ఒక పదము వేరొకటిగా మారినచో, గుణించి చూచినంతనే దోషము బయటపడును. కావ్యములందు పాఠనిర్ణయమునకు ప్రతులే శరణ్యము. ఇచట గణితమే సాక్షి. అంకెల మొత్తము 87. తొమ్మిదిచే భాగించిన శేషము 6. రెట్టింపుల వలనను అదే శేషము వచ్చును.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు అభాజ్యసంఖ్యల లబ్ధము. వీనిలో 641 యొక్క ఉనికిని ఆయిలరు 1732లో కనుగొనెను. ఆ విభాగము మల్లన కాలమున తెలియరాదు. కాని విభజింపదగిన సంఖ్యను అంకెయు తప్పకుండ అక్షరములందు నిలిపి, తెలుగువాని నోటికి అందించిన ఖ్యాతి మల్లనది.