పెరటినే ప్రయోగశాల చేసుకున్న ఫాబ్రే

కీటకాల జీవితాలను కథల్లా రాసిన హెన్రీ ఫాబ్రే 1823లో దక్షిణ ఫ్రాన్సులోని ఒక కుగ్రామంలో జన్మించారు. ఇంట్లో తిండికి కష్టమై చిన్నతనంలో తాతగారింటికి పంపేశారు. కాస్త ఎదిగాక సంతలో నిమ్మకాయలు అమ్మారు, రైలుమార్గం పనుల్లో కూలి చేశారు. పోటీ పరీక్షలో నెగ్గి అవిన్యోన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో స్కాలర్‌షిప్ సీటు తెచ్చుకున్నారు. ఆ సీటు విలువ ఏమిటో మన హాస్టల్ మిత్రులకు వేరే చెప్పాలా!

1842లో ఏడాదికి 700 ఫ్రాంకుల జీతంతో పంతులయ్యారు. ఉద్యోగం చేస్తూనే చదివి 1855లో డాక్టరేటు పొందారు. పువ్వు కాయగా ఎలా మారుతుందో ఆడపిల్లలకు పాఠం చెప్పారని ఊరి పెద్దలు గొడవ చేశారు. 1870లో ఉద్యోగమూ పోయింది, అద్దె ఇల్లూ పోయింది. పాఠ్యపుస్తకాలు రాసి కూడబెట్టిన డబ్బుతో 1879లో సెరిన్యాన్‌లో రాళ్ళూ ముళ్ళూ ఉన్న నేల కొన్నారు. అప్పటికి ఆయన వయసు 55.

అక్కడ మట్టి పాత్రల్లో ఇసుక నింపి, పైన జాలీ మూతలు బోర్లించి, దండం పెడుతున్నట్టు ముందుకాళ్ళు మడిచి కూర్చునే గొల్లభామలను పెంచారు. జత కలిసిన ఆడది మగదాన్ని తినేయడం చూశారు. రెండు వారాల్లో ఒకే ఆడది ఏడు మగవాటిని తినేసింది! ఆకలి వల్లనా? కాదు. ఊరి పిల్లలకు జాము రాసిన రొట్టె, పుచ్చకాయ ముక్కలు లంచమిచ్చి మరీ మిడతలు పట్టించి మేపేవారు. మరి బోనులో పెట్టడం వల్లనా? ఈ సందేహం ఆయనకూ ఉండేది.

ఒక ఆగస్టు నెలలో పిల్లలు కేకలేసి తోట చివరకు పిలిచారు. రోజ్‌మేరీ పొదల కింద పెద్ద పొట్టతో ఒక నేల సాలీడు తాపీగా ఏదో నములుతోంది. అది దాని మగ సాలీడే! అక్కడ బోనూ లేదు, మూతా లేదు.

విశాఖలో మన కిటికీల మీద తిరిగే గెంతుడు సాలీళ్ళలోనూ మగది ముందుకాళ్ళు ఎత్తి నాట్యం చేస్తుంది. ఆడదానికి నచ్చకపోతే అదే దానికి ఆహారం కావచ్చు. కిటికీ మీదైతే గెంతి పారిపోయే వీలుంది. జాము సీసాలో రెండింటినీ కలిపి ఉంచితే ఆ దారి ఉండదు. కాబట్టి సీసాలో కనిపించినదంతా వాటి సహజ స్వభావమే అనుకోవడం తొందరపాటని నా అభిప్రాయం.

డార్విన్ పరిణామవాదాన్ని ఫాబ్రే ఒప్పుకోలేదు. అందులో డార్విన్‌దే పైచేయి అయింది. కళ్ళతో చూసి రాసినవి మాత్రం 1879 నుంచి 1907 వరకు పది సంపుటాలయ్యాయి. 1915 అక్టోబరులో, 91 ఏళ్ళ వయసులో, ఆ పెరడున్న ఇంట్లోనే కన్నుమూశారు.