తుంటి మార్పిడికి బాట వేసిన డాక్టర్.. ఫెయిలైనా ఆగలేదు!

నిజామాబాద్, బోధన్ వైపు పెద్దోళ్లు జారిపడి తుంటి బొక్క విరిగితే ఇక మంచమే అనుకునేవాళ్లు. ఇప్పుడు కీలు మార్చితే మళ్లీ నడుస్తున్నారు. 2023 డిసెంబర్‌లో కిందపడ్డ మాజీ సీఎం కేసీఆర్‌కూ ఇదే ఆపరేషన్ జరిగింది. మర్నాడే వాకర్‌తో నడిచారు.

దీనికి బాట వేసింది ఇంగ్లండ్ సర్జన్ సర్ జాన్ చార్న్లీ. 1911లో బరీ పట్టణంలో పుట్టారు. అరిగిన తుంటి కీళ్లకు మొదట టెఫ్లాన్ గిన్నెలు అమర్చారు. కొన్నేళ్లకే అవి అరిగి, వాపులొచ్చాయి. కారణం తేల్చేందుకు టెఫ్లాన్‌ను తన తొడలోనే పెట్టించుకున్నారు. తప్పు దాచలేదు, పేషెంట్లకు మళ్లీ ఆపరేషన్లు చేశారు. 1962లో స్టీల్ బంతికి గట్టి పాలిథిలిన్ గిన్నె జోడించారు. అది నిలిచింది. తర్వాత విరిగిన తుంటికీ ఆ పద్ధతి వాడారు. 1982లో చార్న్లీ కన్నుమూశారు.