ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేసు

జీవపరిణామ సిద్ధాంతమనగానే డార్విన్ నామము స్ఫురించును. అదే సిద్ధాంతమును స్వతంత్రముగా కనుగొనిన మహనీయుడు మరియొకడు కలడు. అతడు గ్రంథాలయములలో చదువుకొనినవాడగుటచే ఈ సంచికలో అతనికి తావొసగుట ఉచితము.

వాలేసు 1823 జనవరి 8వ తేదీన వేల్సు దేశమున అస్కు పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి ఆస్తి హరించిపోగా పదునాలుగవ యేటనే బడిచదువు ముగిసినది. అన్నతో కలిసి భూములు కొలుచుచు, ఆ తిరుగుడులోనే మొక్కలను గుర్తుపట్టుట నేర్చెను. 1844లో లెస్టరు నగరమున ఉపాధ్యాయుడైనపుడు అచ్చటి గ్రంథాలయమే అతనికి కళాశాల యయ్యెను. తిండికొరతయు వ్యాధులును జనాభివృద్ధి నెట్లు అరికట్టునో తెలుపు మాల్థసు గ్రంథమును అతడు అచ్చటనే చదివెను. కీటకములు సేకరించు బేట్సుతో స్నేహమును ఆ ఊరనే కలిగెను.

1848లో మిత్రులిరువురును అమెజాను అరణ్యములకు పోయిరి. నాలుగేండ్ల పిమ్మట వాలేసు తిరిగి వచ్చుచుండగా 1852 ఆగస్టు 6న నడిసముద్రమున ఓడకు నిప్పంటుకొనెను. తనకై దాచుకొనిన పక్షులు, కీటకములు, దినచర్య పుస్తకములలో అధికభాగము భస్మమైనవి. చేపలవి, తాటిజాతి చెట్లవి కొన్ని చిత్రములు మాత్రము చేజిక్కినవి. పది దినములు చిన్నపడవలో ఎండకు మాడిన పిదప వేరొక ఓడవారు కాపాడిరి. అంతటి నష్టము పొందియు, రెండేండ్లు తిరుగకమునుపే అతడు మలయా ద్వీపములకు పయనమయ్యెను.

అచ్చట ఎనిమిదేండ్లలో 1,25,660 జీవుల నమూనాలు కూర్చెను. అలీ యను సారవాకు యువకుడు ఇందు కుడిభుజమై నిలిచెను. 1856లో బలి ద్వీపమునుండి లొంబొకు ద్వీపమునకు దాటినపుడు వాలేసు ఒక వింత గమనించెను. బలిలో మన గిజిగాని జాతి పక్షులు కనబడినవి. ఎదుటనే యున్న లొంబొకులో అవి లేవు, ఆస్ట్రేలియా వైపు కాకటూ చిలుకలు కలవు! కారణము సముద్రపు లోతు. మంచుయుగములలో నీరు తగ్గినపుడు బలి ఆసియాతో కలిసిపోయినది. నడుమ జలసంధి మిక్కిలి లోతగుటచే లొంబొకు వేరుగనే యుండెను. ఆ సరిహద్దునే నేడు వాలేసు రేఖ యందురు.

1858 ఫిబ్రవరిలో మొలక్కా దీవులలో జ్వరముతో పడియుండగా మాల్థసు గ్రంథము జ్ఞప్తికి వచ్చెను. పుట్టిన జీవులన్నియు బ్రతుకవు. పరిసరములకు తగిన చిన్నమార్పు గలవి అధికముగా మిగిలి సంతానమును కనును. ఆ మార్పులు తరతరములుగా కూడి క్రొత్త జాతి యేర్పడును. ఇదియే ప్రకృతివరణము. ఆ వ్యాసమును అతడు డార్విన్‌కే పంపెను. ఇరువది యేండ్లుగా అదే భావమును ప్రకటింపక దాచుకొనిన డార్విన్ నిశ్చేష్టుడయ్యెను. అతని మిత్రులు 1858 జూలై 1న లిన్నేయను సంఘమున ఇరువురి రచనలను కలిపి చదివించిరి. న్యూగినీలో నున్న వాలేసు అనుమతిని ఎవరును కోరలేదు. ఇది సరియైన పద్ధతి కాదనియే మా అభిప్రాయము. వాలేసు మాత్రము కినుక వహింపక, 1889లో తాను రచించిన గ్రంథమునకు డార్వినిజమ్ అనియే పేరిడెను. మానవుని బుద్ధికి ప్రకృతివరణమే చాలిన కారణము కాదను విషయమున మాత్రము డార్విన్‌తో తుదివరకు విభేదించెను. అయినను, వాలేసు ఆర్థికముగా నలిగిపోవుచుండగా డార్విన్ పూనికచే 1881లో ఏటికి 200 పౌనుల ప్రభుత్వ భరణము లభించెను.

1913 నవంబరు 7న బ్రాడ్‌స్టను గ్రామమున అతడు కన్నుమూసెను. సమాధిపై శిలగా మారిన ప్రాచీన వృక్షకాండము నొకదానిని నిలిపిరి.